సౌదీకి ఒక్కడినే వెళ్తున్నా, తెలుగు తప్ప ఏ భాషా రాదు. 50 రోజుల్లో ఏది నేర్చుకోవాలి?

టెక్కలి_పైప్
జుబైల్‌లో పైప్ ఫిట్టర్ పని ఖాయమైంది. పదో తరగతి తర్వాత ఐటీఐ ఫిట్టర్ చేశాను, షట్‌డౌన్ (ప్లాంటు ఆపి చేసే మరమ్మతు) పనుల్లో నాలుగేళ్ళ అనుభవం. ఆ కంపెనీలో మా వైపు వాళ్ళు ఒక్కరూ లేరు. ఐసోమెట్రిక్ డ్రాయింగ్ మీద ఇంగ్లీషు చదవగలను గానీ మాట్లాడలేను. హిందీ సున్నా. ఫ్లైట్ ఎక్కడానికి ఇంకా 50 రోజులుంది. ఏజెంటుని అడిగితే "అక్కడికెళ్తే అదే వచ్చేస్తాది" అంటన్నాడు. ఈ 50 రోజులూ అరబిక్ మీద పెట్టాలా, హిందీ మీదా, ఇంగ్లీషు మీదా? తెలిసినవాళ్ళు గట్టిగా చెప్పండి.

వంశధార77
అరబిక్కే. దేశం వాళ్ళది. పోలీసు, ఆసుపత్రి, బ్యాంకు అన్నీ అందులోనే. మిగతావి తర్వాత.

సిక్స్‌జీ_సోంపేట
వంశధార గారూ, సైటు సంగతి వేరండి. జుబైల్ ప్లాంటులో ఫిట్టర్ పక్కన అరబ్బు నిలబడడు. హెల్పర్ నేపాలీయో బంగ్లాదేశీయో, వెల్డర్ పాకిస్తానీయో బీహారీయో, ఫోర్‌మన్ చాలాసార్లు మలయాళీ, సేఫ్టీ ఆఫీసరు ఫిలిప్పీన్స్ మనిషి. వీళ్ళంతా కలిసి మాట్లాడుకునేది ముక్కల హిందీ. ఫిలిప్పీన్స్ వాళ్ళతో మాత్రం ముక్కల ఇంగ్లీషు. రోజుకి పది గంటలు చెవిలో పడేది అదే.

తమ్ముడూ, ముందు హిందీ. అది కూడా పుస్తకం హిందీ కాదు, పని పురమాయించే హిందీ. ఊపర్ (పైకి), నీచే (కిందికి), ఆగే (ముందుకి), పీఛే (వెనక్కి), ఉఠావో (ఎత్తు), పకడో (పట్టుకో), ఛోడో (వదులు), ఘుమావో (తిప్పు), కసో (బిగించు), ఢీలా కరో (వదులు చెయ్యి), ఖోలో (విప్పు), బంద్ కరో (మూసెయ్), హటో (తప్పుకో), రుకో (ఆగు), ధీరే (నెమ్మదిగా), సీధా (తిన్నగా), టేఢా (వంకర). ఇలాంటివి ఓ నలభై మాటలు వస్తే మొదటి నెల గడిచిపోతాది. "మై జాతా హూఁ, తుమ్ జాతే హో" అని వ్యాకరణం బట్టీ కొట్టకు, 50 రోజులూ దానికే సరిపోతాయి. ఫ్లాంజ్, గాస్కెట్, ఎల్బో, స్పూల్, ట్యాక్, రూట్ గ్యాప్ ఇవన్నీ ఏ దేశమెళ్ళినా అవే మాటలు. ఆ సగం భాష నీకు ముందే వచ్చు, ధైర్యంగా ఉండు.

బొబ్బిలి_రిగ్గర్
సోంపేట అన్న రాసిన మాటల్లో కొన్ని మన తెలుగోళ్ళకి ప్రాణం మీదికి తెచ్చేవి ఉన్నాయి. వాటిని విడిగా రాసి పెట్టుకో.

ఒకటి "ఆగే". హిందీలో ముందుకి అని. మన చెవికి "ఆగు" అని పడతాది. ట్రైలర్ని నడిపించేవాడు "ఆగే, ఆగే" అంటే మనోడు బండి ఆగుతోందనుకుని ముందు నుంచి దాటేస్తాడు. అది అతని మీదికే వస్తాది.

రెండు "ఛోడో". వదిలేయ్ అని. మనకి "చూడు" లాగుంటాది. ఇది రెండు వైపులా దెబ్బ. అవతలివాడు వదలమంటే మనం తలెత్తి చూస్తాం, అది చిన్న ప్రమాదం. పెద్దది ఏటంటే, చైన్ బ్లాకు (గొలుసు కప్పీ) మీద స్పూల్ (పైపు ముక్క) వేలాడుతున్నప్పుడు మనం కంగారులో "చూడు చూడు" అని అరుస్తాం, ట్యాగ్ లైన్ (అది ఊగకుండా పట్టే తాడు) పట్టుకున్న బీహారీవాడు "ఛోడో" అనుకుని తాడు వదిలేస్తాడు. అందుకని సైటులో "చూడు" అన్న మాటే నోటి నుంచి రాకూడదు. "దేఖో" అను. ఈ ఒక్క అలవాటు ఇంటి దగ్గరే మొదలుపెట్టు. కంగారులో నోటికొచ్చేది అలవాటైన మాటే.

మూడు "మత్". వద్దు అని. "మత్ ఛోడో" అంటే వదలొద్దు. గ్రైండర్ చప్పుడులో ముందున్న "మత్" వినపడదు, "ఛోడో" ఒక్కటే వినపడతాది. అర్థం తిరగబడిపోయింది కదా. అనుమానం వస్తే ఉన్న పట్టు ఉన్నట్టే ఉంచి, చెయ్యెత్తి మళ్ళీ చెప్పించుకో.

నాలుగు, "కమ్ కరో" అంటే తగ్గించు, "కామ్ కరో" అంటే పని చెయ్యి. వెల్డర్ "కరెంట్ కమ్ కరో" అంటే ఆంప్స్ తగ్గించమని.

రాజాం_మాస్టారు
బొబ్బిలి రిగ్గర్ రాసింది బంగారం. దానికి రెండు చేర్చుకో బాబూ. "పానీ" నీళ్ళు, మన "పని" కాదు. "కల్" అంటే నిన్న, రేపు రెండూ. మాట చివర "థా" వినపడితే నిన్న, "గా" వినపడితే రేపు.

హిందీ అంకెలు ఇరవై దాటి నేర్చుకోకు. వందలోపు ప్రతి అంకెకీ ఒక్కో రూపం, మన "ఇరవై ఒకటి, ఇరవై రెండు" లాగా కూడుకుంటూ పోవడానికి వీలు లేదు. సైటులో కొలతలు ఎలాగూ ఇంగ్లీషులోనే చెబుతారు.

నేర్చుకునే తీరు ఇలా పెట్టుకో. కాగితం మీద రాసి చదివితే కంటికి వస్తుంది, చెవికి రాదు. నీకు కావలసింది చెవి. హిందీ వచ్చినవాళ్ళ చేత రోజుకి ఎనిమిది మాటలు ఫోన్లో రికార్డు చేయించు. మాటకీ మాటకీ మధ్య మూడు సెకన్లు ఖాళీ వదలమను. వింటూ ఆ ఖాళీలో చేత్తో ఆ పని చేసి చూపించు. "ఘుమావో" అంటే చెయ్యి తిరగాలి, "ధీరే" అంటే నెమ్మదించాలి. తెలుగు అర్థం మనసులో వెతుక్కోకూడదు. అలా ఇరవై రోజులు చేస్తే నూట అరవై మాటలు. మిగతా రోజులు అవే మాటలు మోటారు చప్పుడు పక్కన నిలబడి విను. నిశ్శబ్దంగా గదిలో వినడం వేరు, అక్కడ వినడం వేరు.

కొత్తవలస_సేఫ్టీ
మాట కన్నా ముందు సైగ, రంగు, మోత. ఇవి ఏ భాషవాడికైనా ఒకటే.

స్కాఫోల్డింగ్ ట్యాగ్ ఆకుపచ్చ అయితే ఎక్కొచ్చు. పసుపు అంటే షరతు ఉంది, ఏమిటో అడిగి ఎక్కాలి, ఎక్కువగా హార్నెస్ తగిలించుకోమని ఉంటుంది. ఎరుపు అయితే ఎవరు చెప్పినా ఎక్కొద్దు. క్రేన్‌కి సైగలు ఒక్క సిగ్నల్‌మన్ మాత్రమే చేయాలి. కానీ "ఆపు" సైగ ఎవరు చేసినా ఆపరేటరు ఆపి తీరాలి. చెయ్యి బారుగా చాచి, అరచెయ్యి కిందికి పెట్టి, అటూ ఇటూ ఊపడం. అత్యవసరం అయితే రెండు చేతులతో. ఈ ఒక్కటి అద్దం ముందు చేసి నేర్చుకో.

గ్యాస్ ఉన్న ప్లాంటు అయితే హైడ్రోజన్ సల్ఫైడ్ (విషవాయువు) శిక్షణ ఇస్తారు. కుళ్ళిన గుడ్డు వాసన అంటారు గానీ ముక్కుని నమ్ముకోకు. గ్యాస్ ఎక్కువైతే వాసన తెలిసే శక్తే పోతుంది. డిటెక్టర్ మోగగానే గాలి దిక్కు చూపే గుడ్డ గొట్టం ఎటు ఎగురుతోందో చూడు. గాలికి అడ్డంగా బయటపడి, తర్వాత గాలి వచ్చే వైపు నడువు. గాలి పోయే వైపు పరిగెత్తితే గ్యాసూ నీతోనే వస్తుంది. సైటుకి వెళ్ళిన మొదటి రోజే మస్టర్ పాయింట్ (ప్రమాదమప్పుడు అందరూ చేరే చోటు) ఎక్కడో నడిచి చూసుకో.

ఇంకొకటి ముఖ్యం. పొద్దున్నే టూల్‌బాక్స్ టాక్ (పని ముందు చెప్పే జాగ్రత్తలు) అయ్యాక కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమంటారు. అర్థం కాకుండా పెట్టొద్దు. "హిందీ మే బోలో" అను. హిందీ కూడా అర్థం కాకపోతే "నాట్ అండర్‌స్టాండ్" అని నిలబడు. పది సెకన్లు సిగ్గేస్తుంది, అంతే. ఆ సంతకం అర్థం ఏమిటో తెలుసా? "ప్రమాదాలు నాకు చెప్పారు, నాకు అర్థమయ్యాయి" అని. రేపు ఏదైనా జరిగితే ముందు బయటికి తీసేది ఆ కాగితమే.

టెక్కలి_పైప్
రిగ్గర్ అన్నా, "ఆగే" సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. చాలా మేలు చేశారు. అంటే ఇంక అరబిక్ జోలికి పోనక్కర్లేదా?

ఇచ్ఛాపురం_అప్ప
నీకు అక్కర్లేకపోవచ్చు తమ్ముడూ. ఈ మాట చదివి ఆడపిల్లలు కూడా అదే అనుకోకూడదని రాస్తున్నాను. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళేవాళ్ళకి హిందీతో పని జరగదు. ఆ ఇంట్లో ముసలమ్మకి, పిల్లలకి అరబిక్ ఒక్కటే వచ్చు. పక్కన పనివాళ్ళు ఉండరు, క్యాంపు ఉండదు, అడగడానికి మనిషి ఉండదు. నిజంగా ఒంటరిగా, భాష లేకుండా ఉండేది వాళ్ళే.

ఆడవాళ్ళతో మాట్లాడినప్పుడు అరబిక్ మాట మారుతుంది. మగవాణ్ణి రమ్మంటే "తఆల్", ఆడమనిషినైతే "తఆలీ". తెమ్మని "జీబ్" కాదు "జీబీ". యూట్యూబ్‌లో మగవాళ్ళ కోసం చేసిన పాఠాలు విని వెళ్తే సగం మాటలు పోల్చుకోలేరు. నీళ్ళని సౌదీలో "మోయా" అంటే కువైట్‌లో "మాయ్" అంటారు. ఏ దేశమైతే ఆ దేశపు మాటే నేర్చుకోవాలి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలన్న ముద్ర ఉన్న) పాస్‌పోర్టు మీద గల్ఫ్‌కి వెళ్ళే ఆడవాళ్ళకి 30 ఏళ్ళు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి. మన రాష్ట్రంలో అలాంటి సంస్థ ఓంక్యాప్. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటిపనివాళ్ళ కోసమే వచ్చింది. రోజుకి 12 గంటలు మించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. అక్కడ అత్యవసర నంబరు 112. ఈ నాలుగూ వెళ్ళేముందే నోటికి రావాలి. అక్కడికెళ్ళాక చెప్పేవాళ్ళు ఉండరు.

సిక్స్‌జీ_సోంపేట
అప్ప చెప్పింది నిజం. నేను సైటు మాటే చెప్పాను, ఇంటిపనికి అరబిక్ లేకుండా పంపకూడదు.

నాగావళి_ఒడ్డు
సైటు పనివాడికి కూడా అరబిక్ అంకెలు రావాలి. మాటలు కాదు, అంకెలు. పది గుర్తులు, రెండు రోజుల పని.

సున్నా అంటే ఒక చుక్క. ఒకటి నిలువు గీత. రెండు అంటే అదే గీతకి పైన ఒక కొక్కెం, మూడుకి రెండు కొక్కేలు. నాలుగు మన 3ని అద్దంలో చూసినట్టుంటుంది. అయిదు గుండ్రం, అచ్చం మన సున్నా. ఆరు మన 7 లాగుంటుంది. ఏడు ఇంగ్లీషు వీ అక్షరం, ఎనిమిది తలకిందుల వీ. తొమ్మిది మన 9 లాగే. మోసపోయేది రెండింటి దగ్గర: గుండ్రాన్ని సున్నా అనుకుంటాం, ఆరుని ఏడు అనుకుంటాం. అక్షరాలు కుడి నుంచి ఎడమకి రాసినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికే చదవాలి.

ఇది ఎందుకంటే, సౌదీ కార్మిక చట్టం ప్రకారం కాంట్రాక్టు రెండు భాషల్లో ఉంటే చెల్లేది అరబిక్‌లో ఉన్నదే. సాధారణంగా కాగితం మధ్యలో చీల్చి ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు అరబిక్ ఉంటుంది. ఇంగ్లీషులో 1800 అని ఉంటే కుడివైపు అదే వరసలో గీత, తలకిందుల వీ, రెండు చుక్కలు ఉండాలి. గీత, కొక్కెం గీత, రెండు చుక్కలు ఉంటే అది 1200. అరబిక్ ఒక్క ముక్క రాకపోయినా ఇది నీ కళ్ళతో నువ్వే సరిచూసుకోవచ్చు. జీతం, పని గంటలు, సెలవు రోజులు, ఎన్నేళ్ళ కాంట్రాక్టు అన్నవి నాలుగూ చూడు.

ఇంకా ఒకటి. అక్కడివాళ్ళు "ఇంత హిందీ?" అని అడుగుతారు. అరబిక్‌లో హిందీ అంటే భారతీయుడు. నీకు హిందీ వచ్చా అని కాదు. మనవాళ్ళు పాపం నిజాయితీగా "నో హిందీ, తెలుగు" అంటారు. అడిగినవాడికి తెలుగు అనే దేశం ఎక్కడుందో అర్థం కాదు. "ఐవా (అవును), హిందీ" అను.

వంశధార77
అయితే అరబిక్ కావాలన్న నా మాట పూర్తిగా తప్పు కాదన్నమాట. ఇవి కూడా రాసుకో: యమీన్ కుడి, యసార్ ఎడమ, సీదా తిన్నగా, వేన్ ఎక్కడ, బికమ్ ఎంత, మాఫీ లేదు, రాతిబ్ జీతం, ఇజాజా సెలవు, మమ్నూ నిషేధం, ఖతర్ ప్రమాదం, ముస్తష్ఫా ఆసుపత్రి, సైదలియా మందుల షాపు, బఖాలా కిరాణా.

రాజాం_మాస్టారు
"మాఫీ" అంటే హిందీలో క్షమాపణ, అరబిక్‌లో లేదు. కొట్టువాడు "మాఫీ" అంటే క్షమించమని కాదు, సరుకు లేదని.

గరివిడి_పేపర్లు
భాష బాగానే ఉంది, కాగితాల సంగతి ఒక్కరూ అడగలేదు. భాష రాని మనిషికి కాగితమే నోరు.

టెక్కలి తమ్ముడూ, పదో తరగతి పాసయ్యావు గనక నీ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉండకూడదు. ఉంటే సౌదీ, ఖతార్, కువైట్, మలేషియా సహా 18 దేశాలకి ఉద్యోగం మీద వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. లేకపోయినా విదేశీ ఉద్యోగాల ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో స్వచ్ఛందంగా నమోదు చేసుకునే వీలుంది, చేసుకో. ఎక్కడ ఏ కంపెనీలో ఉన్నావో ప్రభుత్వానికి ఒక రికార్డు ఉంటుంది.

ఏజెంటు లైసెన్సు ఈ-మైగ్రేట్ సైటులో వెతుకు. పేరు ఉంటే సరిపోదు, లైసెన్సు ఇప్పుడు నడుస్తోందో లేదో కూడా అక్కడే ఉంటుంది. ఏజెంటు తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకో. ఊళ్ళో కూర్చుని "నాకు హైదరాబాదులో తెలిసినవాళ్ళున్నారు" అనే సబ్ ఏజెంటుకి ఏ లైసెన్సూ ఉండదు. అతని చేతిలో నగదు పెడితే ఆ డబ్బుకి సాక్ష్యం లేదు. అనుమానం ఉంటే విదేశాంగ శాఖ టోల్ ఫ్రీ 1800 11 3090.

ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్ళకి 275, మూడేళ్ళకి 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. పాలసీ కాగితం నీ దగ్గర కాదు, ఇంట్లో ఉండాలి.

విజిట్ వీసా ఇచ్చి "అక్కడికెళ్ళాక మార్చేస్తాం" అంటే ఎక్కొద్దు. ఇంకా గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. కంబోడియా, లావోస్, మయన్మార్‌లలో డేటా ఎంట్రీ ఉద్యోగం, ఇంగ్లీషు కూడా అక్కర్లేదు అంటే అది సైబర్ మోసాల ముఠా. మన ఉత్తరాంధ్ర పిల్లలు కూడా అందులో చిక్కుకున్నారు. వాళ్ళకి తెలుగే కావాలి, తెలుగువాళ్ళనే మోసం చేయించడానికి.

టెక్కలి_పైప్
ముద్ర లేదు, చూశాను. లైసెన్సు కూడా సైటులో కనిపించింది. అక్కడ దిగాక కాగితాల సంగతి?

గరివిడి_పేపర్లు
దిగిన విమానాశ్రయంలో వేలిముద్రలు, ఫొటో తీసుకుంటారు. నీకు బోర్డర్ నంబరు పడుతుంది. ఇఖామా (నివాస అనుమతి కార్డు) వచ్చేదాకా నీ గుర్తింపు అదే, ఫొటో తీసి ఇంటికి పంపు. దిగిన 90 రోజుల్లోగా కంపెనీ ఇఖామా చేయించాలి. దాని ఫీజు, వర్క్ పర్మిట్ ఫీజు కంపెనీవే, నీ జీతంలో కోయకూడదు. ఇఖామా నంబరు పది అంకెలు, 2తో మొదలవుతుంది. కాలపరిమితి తేదీ హిజ్రీ (ముస్లింల చాంద్రమాన) క్యాలెండర్‌లో ఉండొచ్చు. హిజ్రీ ఏడాదికి 354 రోజులే, మన ఏడాది కన్నా పదకొండు రోజులు ముందే అయిపోతుంది. సౌదీ ప్రభుత్వ అబ్షర్ యాప్‌లో పెట్టుకుంటే తేదీ నీకే కనపడుతుంది. కాంట్రాక్టు అక్కడి కార్మిక శాఖ కివా యాప్‌లో నీ ఆమోదానికి వస్తుంది. అక్కడ కూడా జీతం అంకె చూశాకే ఒప్పుకో. పక్కవాడికి ఫోన్ ఇచ్చి "నువ్వే నొక్కు" అనొద్దు.

పాస్‌పోర్టు కంపెనీ ఉంచుకోవడం అక్కడి చట్టానికి విరుద్ధం. ఉంచుకుంటామంటే కనీసం రసీదు రాయించుకో.

కవిటి_నర్స్
అన్నీ చదివాను. మన ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి ఎవరూ రాయలేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు నుంచి వెళ్ళేవాళ్ళు ఏజెంటు చేయించే మెడికల్ మీదే ఆధారపడొద్దు. సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ ఈ రెండూ విడిగా చేయించుకోండి. పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది. మగవాళ్ళకి క్రియాటినిన్ దాదాపు 1.3 దాకా మామూలే. దాటితే కిడ్నీ డాక్టరుని కలవకుండా ఎండదేశం ఎక్కొద్దు. మన కిడ్నీ జబ్బు నొప్పి లేకుండా వస్తుంది. చాలామందికి సగం పాడయ్యాక గానీ తెలియదు.

ఎండలో పని చేసేటప్పుడు 15, 20 నిమిషాలకి పావు లీటరు చొప్పున తాగండి. దాహం వేసేదాకా ఆగొద్దు. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకూ నేరుగా ఎండలో పని చేయించడం నిషేధం. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15, పది నుంచి మూడున్నర.

ఒళ్ళు నొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రోజూ మింగొద్దు. నీళ్ళు తక్కువైన ఒంట్లో అవి కిడ్నీ మీద పడతాయి. జ్వరానికి పారాసెటమాల్ చాలు. అక్కడ డోలో అని అడిగితే తెలియదు, పనడోల్ అనండి, మందు అదే.

డాక్టరు దగ్గర మాట రాకపోతే చెయ్యి పెట్టి చూపించి ఒక్క మాట అనండి: రాస్ తల, బతన్ కడుపు, సద్ర్ ఛాతీ, దమ్ రక్తం, సుక్కర్ షుగర్, హసాసియా ఎలర్జీ. రక్తం గ్రూపు, ఎలర్జీ ఉన్న మందు పేరు, వాడుతున్న మందులు ఇంగ్లీషులో, అరబిక్‌లో ఒక కార్డు మీద అచ్చు వేయించి ఐడీ కార్డు వెనక పెట్టుకోండి. స్పృహ తప్పిన మనిషికి ఏ భాషా రాదు. సౌదీలో అంబులెన్సు 997.

బొబ్బిలి_రిగ్గర్
కార్డు మాట బాగుంది నర్సు గారూ. హెల్మెట్ లోపల కూడా ఒకటి అంటించుకోవచ్చు.

ఇచ్ఛాపురం_అప్ప
సామాన్లలో గసగసాలు పెట్టొద్దు తమ్ముడూ. సౌదీ, దుబాయ్, ఖతార్ అన్నిచోట్లా నిషేధం, మత్తుమందు కింద లెక్క. విడిగా పెట్టకపోయినా అమ్మ కొట్టిచ్చిన మసాలా పొడిలో కలిసి ఉంటాయి. విమానాశ్రయంలో పట్టుకుంటే భాష రాకుండా ఏం చెప్పుకుంటావు? మసాలా గసగసాలు లేకుండా కొట్టించు. ఖైనీ, గుట్కా కూడా వద్దు. నిద్రమాత్రలు, కొడీన్ ఉన్న దగ్గుమందు డాక్టరు చీటీ లేకుండా తీసుకెళ్ళొద్దు. మావాడికి ఇచ్చేయమని ఎవరైనా పొట్లం ఇస్తే, చుట్టమైనా సరే, విప్పి చూడకుండా తీసుకోకు.

నాగావళి_ఒడ్డు
ఫోన్లో అనువాదం గురించి. తెలుగు, హిందీ, అరబిక్, ఇంగ్లీషు ప్యాకులు ఇంటి దగ్గరే దింపుకో, దిగగానే నెట్ ఉండదు. మాటకి మాట తిప్పేటప్పుడు పొట్టి వాక్యాలు చెప్పు. "నిన్న రాత్రి నుంచి ఒంట్లో అదోలా ఉంది, డ్యూటీకి రాలేను" అంటే యంత్రం ఏదో రాస్తుంది. "నాకు జ్వరం. రెండు రోజులు. నాకు డాక్టరు కావాలి." ఇలా మూడు ముక్కలు. వచ్చిన అరబిక్‌ని మళ్ళీ తెలుగులోకి తిప్పి చూడు, నువ్వన్నదే వస్తే అప్పుడు చూపించు. కెమెరాతో బోర్డులు, మందు డబ్బాలు చదివించుకోవచ్చు. కానీ సంతకం పెట్టే కాగితానికి దాన్ని నమ్మకు. అంకెలు నీ కళ్ళతోనే చూడు.

కొత్తవలస_సేఫ్టీ
ప్లాంటు లోపలికి కెమెరా ఫోన్ చాలాచోట్ల రానివ్వరు. అందుకని లోపలికి కావలసిన మాటలు నోటికి రావాల్సిందే.

టెక్కలి_పైప్
మూడు రోజులుగా అంకెలు రాసి రాసి నేర్చుకున్నాను. ఇవాళ కాంట్రాక్టు కాపీ మెయిల్‌లో వచ్చింది. ఎడమవైపు ఇంగ్లీషులో మొత్తం 1800 రియాళ్ళు అని ఉంది. కుడివైపు చూస్తే గీత, గుండ్రం, రెండు చుక్కలు. అంటే 1500. కింద ఇంకో వరసలో కొక్కేలు రెండున్న గుర్తు, రెండు చుక్కలు. అంటే 300. ఇది మోసమా?

నాగావళి_ఒడ్డు
శభాష్. మోసం అని ఇప్పుడే అనకు. 1500 పక్కన ఉన్న మాట "అసాసీ" అయితే అది బేసిక్. 300 పక్కన "బదల్ తఆమ్" ఉంటే తిండి భత్యం. రెండూ కలిపితే 1800 అవుతుంది. కెమెరాతో ఆ రెండు మాటలే చూపించి చూడు.

టెక్కలి_పైప్
చూశాను. అసాసీ, బదల్ తఆమ్, అవే. కానీ ఏజెంటు బేసిక్కే 1800, తిండి కంపెనీదే అన్నాడు.

సిక్స్‌జీ_సోంపేట
తేడా ఎంతో లెక్క కట్టుకో. 30 రోజులు, రోజుకి 8 గంటలు, 240 గంటలు. ఓవర్‌టైమ్ అంటే గంట జీతం, దాని మీద గంట బేసిక్‌లో సగం. బేసిక్ 1800 అయితే గంటకి ఏడున్నర, దాని సగం 3.75, మొత్తం 11.25 రియాళ్ళు. బేసిక్ 1500 అయితే ఏడున్నరకి 3.125 కలిపి 10.62. గంటకి అర రియాలుకి కాస్త ఎక్కువ, అది పెద్ద తేడా కాదు. అసలు తేడా తిండిది. కంపెనీ మెస్ పెడితే ఈ 300 ఇస్తారా, ఇవ్వరా? మెస్ ఉందని 300 కోస్తే నీ జీతం 1500 కిందే లెక్క. ఏజెంటుని నోటిమాటగా అడగకు. మెయిల్‌లో అడిగి, మెయిల్‌లోనే జవాబు తెప్పించు.

గరివిడి_పేపర్లు
జవాబు వచ్చేదాకా సంతకం పెట్టకు. వీసా ఆలస్యమవుతుందని తొందరపెడతారు. పెట్టనీ.

టెక్కలి_పైప్
మెయిల్ పెట్టాను. "తిండి కంపెనీ పెడుతుందా, 300 విడిగా ఇస్తారా" అని ఇంగ్లీషులో రెండు ముక్కలు. జవాబు రాగానే ఇక్కడ పెడతాను. ఈలోపు "ఛోడో, దేఖో" సాధన చేస్తున్నా. ఇంట్లో మా చెల్లి చేత రికార్డు చేయించాను, దానికి హిందీ బాగా వచ్చు. మసాలా కూడా అమ్మ మళ్ళీ కొడతానంది.